అడగాలనుకున్న మాట

తిమ్మయ్య ఫుట్‌బాల్ చూడటానికి కడపకు రాలేదు. ఒక మనిషిని చూడటానికి వచ్చాడు.

ఆ మనిషి పేరు జ్ఞానమణి. కడప జట్టులో ఆటగాడు.

నిరుడు ఆదోనిలో జరిగిన ఆటలో అతని కాలు బలంగా తగిలి తిమ్మయ్య తమ్ముడు ఉరుకుందు మోకాలు విరిగింది. కట్టు కట్టించినా ఎముక సరిగా అతకలేదు. ఇరవై రెండేళ్ళవాడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ రోజు తిమ్మయ్య ఆదోనికి దగ్గర్లోని తమ ఊరు ఆలూరులో, చేను దగ్గర ఉన్నాడు. ఆటా చూడలేదు, ఆ మనిషినీ చూడలేదు. తమ్ముడి నోట పేరు ఒక్కటే విన్నాడు. ఏడాదిగా ఆ పేరును మరిచిపోయిన రోజు లేదు.

1957 ఫిబ్రవరిలో ఆదోని జట్టు కడపకు ఆడటానికి పోతోందని తెలిసి, జట్టు నాయకుడు రామకృష్ణను అడిగి, వాళ్ళతో పాటే రైలెక్కాడు.

గొడవ పడాలని కాదు. ఎదురుగా నిలబడి ఒక్క మాట అడగాలని.

ఎరగని ఊరు. ఎరగని మైదానం. గడ్డి పోచ లేని గులకరాళ్ళ నేల మీద సున్నంతో గీతలు గీశారు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిపోతే తిమ్మయ్య ఒంటరిగా మిగిలాడు. మట్టికట్ట మీద కడప జనం ఒత్తుకుని కూర్చున్నారు. ఇతను ఆదోని జట్టుతో వచ్చినవాడని చూసి ఎవరూ జరగలేదు.

కట్ట చివర కూర్చున్న ఒకాయన మాత్రం గొడుగు పక్కకు వంచాడు.

"ఈడికి రాన్నా," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుంటాయి. బళ్ళో పంతులట. ఆలూరు నుంచి వచ్చానని చెప్పినా ఆయన మొహం మారలేదు. సగం నీడ తిమ్మయ్యకు ఇచ్చి, తను ఎండలోకి జరిగాడు.

ఆట మొదలైంది. తిమ్మయ్య బంతిని చూడటం లేదు. మనుషుల్ని చూస్తున్నాడు.

"వీళ్ళల్లో జ్ఞానమణి ఎవరప్పా?"

ఆయన గొడుగును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఈ పొద్దు ఆడటం లేదన్నా."

"ఆదోనోళ్ళు వస్తాండారని యాడో దాక్కున్నాడేమో."

 తిమ్మయ్యకు మాట ఆగలేదు. ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా ఆ ముక్కూమొహం తెలియని మనిషి ముందు పెట్టాడు. తమ్ముడు మడక పట్టి దున్నలేడని చెప్పాడు. కాలు మడవలేక మంచం మీదే కూర్చుని అన్నం తింటాడని చెప్పాడు. కుదిరిన సంబంధం తప్పిపోయిందని చెప్పాడు.

ఆయన మధ్యమధ్య అడుగుతూ వచ్చాడు. మోకాలు కొంచెమైనా వంగుతోందా? చలికి నొప్పి ఎక్కువవుతోందా? సైకిలు తొక్కగలడా?

అయినవాళ్ళు కూడా ఇన్ని సంగతులు అడగలేదని తిమ్మయ్యకు అనిపించింది.

"వాడు ఒక్కసారైనా వచ్చి చూసినాడాప్పా? పోనీ, ఒక జాబు రాసినాడా?"

"రాసింటాడన్నా. ఏం రాయాల్నో తెలీక చింపేసింటాడు."

తిమ్మయ్యకు ఒళ్ళు మండింది.

"ఎంతైనా మీ ఊరోణ్ణే ఎనకేసుకొస్తాండావు."

ఆయన తల దించుకున్నాడు.

సగం ఆట అయ్యాక ఆయనే వెళ్ళి గోలీసోడా తెచ్చి ఇచ్చాడు. కట్ట దిగిపోతున్న ఒక ముసలాయన ఆగి, ఒడ్డున కూర్చుని చూస్తున్నావే, సిగ్గులేదా అని ఆయన్ను గట్టిగానే అడిగిపోయాడు. పరాయి జట్టువాడికి చోటిచ్చినందుకే ఆ మాట పడ్డాడనుకుని తిమ్మయ్య నొచ్చుకున్నాడు. తన కోసం మాట పడొద్దన్నాడు. నీ కోసం కాదులే అన్నాడాయన.

చివర్లో ఆదోని జట్టు గోలు కొట్టింది. కట్టంతా మూగబోయింది. ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

ఆట అయ్యాక ఆయనే తిమ్మయ్య సంచి పట్టుకుని స్టేషను దాకా నడిచి వచ్చాడు. రైలు వచ్చి ఆగింది. జట్టంతా పెట్టెలోకి ఎక్కింది. తిమ్మయ్య మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆ జ్ఞానమణి కనపడితే నా మాటగా ఒకటి అడుగప్పా. నా తమ్మునికి కాలు లేకుండా చేసి, వానికి బంతి తన్నేకి కాలెట్ల వస్తాండాదో అడుగు."

"అడుగుతాన్నా," అన్నాడాయన.

ఆయన తిమ్మయ్య రెండు చేతులూ పట్టుకుని, రైలు కదిలే దాకా వదల్లేదు.

పెట్టెలో ఆటగాళ్ళు గెలిచిన సంబరంలో ఉన్నారు. తిమ్మయ్య రామకృష్ణ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. కడపలో ఒక మంచి మనిషి దొరికాడని, పేరైనా అడగడం మరిచానని చెప్పాడు. ఆ జ్ఞానమణి మాత్రం మొహం చూపించకుండా దాక్కున్నాడన్నాడు.

రామకృష్ణ తల అడ్డంగా ఊపాడు.

"దాక్కోలేదు తిమ్మన్నా. మన ఉరుకుందు పడిపోయినాడే, ఆ పొద్దు నుంచి బంతి ముట్టలేదంట. ఆడితే రైల్వేలో ఉద్యోగమిస్తామన్నా పోలేదంట. ఈ పొద్దు కూడా వాళ్ళ జట్టోళ్ళు శానా బతిమాలినారు."

తిమ్మయ్య బయటికి చూశాడు. కిటికీ అవతల కడప దీపాలు వెనకబడిపోయాయి.

"ఒకసారి కనపడింటే బాగుండె," అన్నాడు.

రామకృష్ణ అతని మొహంలోకి వింతగా చూశాడు.

"మధ్యాన్నం నుంచీ నీ పక్కన కూసున్నది ఎవరనుకుంటివన్నా?"