చెరో చెంచా

"నిజమే. ఇంక అనుమానం అక్కర్లేదు. ఏడో వారం," అంది ఫోన్లో మంత్రసాని గ్రెటే.

వంటింట్లో పొయ్యి మీద బంగాళాదుంపలు కుతకుతలాడుతున్నాయి. పొద్దున అత్తా కోడలూ కలిసి ఆమె దగ్గరికి వెళ్ళొచ్చారు. అప్పటినుంచీ ఇంటిల్లిపాదీ ఆ ఫోను చుట్టూనే తిరుగుతున్నారు. ఇప్పుడు అత్తగారు బెరిత్ చేతుల్లో మొహం దాచుకుంది. కోడలు సునీవా ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. మామగారు ఓడ్వార్ చేపల పడవ దిగి వచ్చిన బూట్లతోనే గంతులేశాడు.

"ఈ వయసులో ఆ గంతులేమిటి? ఊరు నవ్వుతుంది," అని కసిరింది బెరిత్.

సునీవా మొగుడు ఐవిండ్ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "ఇప్పుడా?" అన్నాడు. ఆపైన వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. సంతోషం వచ్చినా, చిరాకు వచ్చినా, పక్కింటి పిల్లి వచ్చినా అతను తుమ్ముతాడు.

ఆ ఇంటికి భయమంతా అక్కడే. ఐవిండ్‌కు పాలు పడవు, గుడ్డు పడదు, ఉన్ని అసలే పడదు. ఉత్తర కొసనున్న లోఫోటెన్ దీవుల చలిలో ఉన్ని పడనివాడి బతుకేమిటో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఆయాసంతో కూర్చునే నిద్రపోయేవాడు. అతను కడుపులో ఉండగా బెరిత్‌కు చేప వాసన తగిలితే చాలు, వాంతి. తొమ్మిది నెలలూ దుంపలతోనే గడిపేసింది. అందుకే వీడిలా అయ్యాడని ఇరవై నాలుగేళ్ళుగా లోలోపల కుములుతోంది.

అందుకేనని ఎవరూ అనలేరని గ్రెటే ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు మాత్రం ఇంకో మాట కలిపింది. తల్లి తాగే చేపనూనె లోపలి బిడ్డ ఒంటికి దేనితో పోట్లాడాలో, దేన్ని పోనీలే అనుకోవాలో నేర్పవచ్చునట. ఖాయమని చెప్పలేం గానీ ఆశ ఉందట. రోజుకో చెంచా.

సునీవాకు ఆ ఆశ చాలు. నవంబరులో పెళ్ళయింది, కాలేజీలో ఆహారశాస్త్రం చదివింది, ఉత్సాహం ఉరకలేస్తోంది. మర్నాడే దుకాణానికి పోయి మూడు సీసాల కాడ్ చేపనూనె తెచ్చేసింది.

"మూడు నెలలు కాలేదు పెళ్ళయి. అప్పుడేనా?" అని దుకాణం నడిపే ఆమె కన్ను గీటింది.

సునీవా ఔననలేదు, కాదనలేదు. ఎర్రబడిపోయి సీసాలు సంచిలో వేసుకుంది. స్కానింగ్ అయ్యేదాకా పెదవి విప్పకూడదని ఇంట్లో నలుగురూ ఒట్టు పెట్టుకున్నారు మరి.

తేవడం తేలికే. తాగడమే గండం. సునీవా పుట్టింది కొండ ఊళ్ళో. కాడ్ నూనె ఎప్పుడూ నాలుక మీద పెట్టుకోలేదు. బెరిత్ సంగతి తెలిసిందే. మూత తీయగానే ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"అత్తయ్యా, మీరు తాగితేనే నేను తాగుతాను. మీరు మానిన రోజు నేనూ మానేస్తాను," అంది సునీవా.

"నీ పంతం పాడుగాను," అంది బెరిత్. కానీ చెంచా అందుకుంది.

చెరో చెంచా. ముక్కు మూసుకుని, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ. మొదటి వారం ఇద్దరూ ఒకే సింకు దగ్గరికి పరుగెత్తి ఒకరినొకరు తోసుకున్నారు. మింగింది బయటికొస్తే ఇంకో చెంచా. అదీ ఒప్పందంలో భాగమే.

పేరులో 'ర' ఉన్న నెలలన్నిటా ఆ నూనె తాగాలని అక్కడ పెద్దల మాట. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా అన్నమాట. మరి మే నెల నుంచి సెలవేగా అని బెరిత్ ఆశపడింది. "ఆ నాలుగు నెలలకూ నేను 'ర' తగిలిస్తాను, మీరు తాగండి," అన్నాడు ఓడ్వార్. అటక మీది పాత ఉయ్యాల దింపి, అప్పటికే నీలం రంగు వేస్తున్నాడు. ఆ రంగు వాసనకు ఐవిండ్ తుమ్ములు లెక్కే లేదు.

దుకాణం కబురు చెవిన పడి, ఒక మధ్యాహ్నం పక్కింటి ముసలమ్మ మాగ్న్‌హిల్డ్ పొగలు కక్కే గిన్నెతో వచ్చింది. ఉడికించిన కాడ్ ముక్కలు, చేపగుడ్లు, కాలేయం. "ఏమే బెరిత్, దగ్గరుండి కోడలికి తినిపించు. ఊరికే కబుర్లు చెబుతూ కూర్చోకు," అని గదమాయించింది.

బెరిత్‌కు పొలమారింది. సునీవా వీపు నిమిరింది. ముసలమ్మ గడప దాటాక ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నూనె సరేగానీ కడుపుతో ఉన్నప్పుడు కాలేయం ముట్టవద్దని గ్రెటే గట్టిగా చెప్పింది. అది ఓడ్వార్ పళ్ళెంలోకి పోయింది. ముక్కలు మాత్రం అత్తాకోడళ్ళిద్దరూ పంచుకున్నారు. బెరిత్ రెండోసారి కూడా వడ్డించుకుంది. అది చూసి ఐవిండ్ తుమ్మడం కూడా మరిచిపోయాడు.

అలా అయిదు వారాలు గడిచాయి. స్కానింగ్‌కు ముందు రోజు పొద్దున మూడో సీసా అడుగంటింది. చెరో చెంచా మింగారు. ఒక్కరూ సింకు వైపు చూడలేదు.

సునీవా చెంచాలు కడిగి బోర్లించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆజ్ఞలు జారీ చేసింది.

"రేపు ఎనిమిదింటి పడవకి పట్నం వెళుతున్నాం, నలుగురమూ. మామయ్యా, ఆ బూట్లు వద్దు. ఐవిండ్, నువ్వు స్కానింగ్ గదిలో తుమ్మావో ఊరుకోను, తెర మీద తొలిసారి కనబడబోయేది నీ తమ్ముడో, చెల్లెలో."