సీటు అబద్ధమాడదు

"ఈ సీటు మీద కూర్చున్నది మనిషా, ఏనుగా?" అన్నాడు సీట్ల మేస్త్రి, కారు తలుపు తీసి లోపలికి తొంగి చూస్తూ.

డ్రైవరు సీటు తోలు నిండా ముడతలే. తలుపు వైపు అంచయితే ఎక్కి దిగి, ఎక్కి దిగి నలిగిపోయింది. పాత కార్లు అమ్మిపెట్టే బ్రోకరు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఏనుగులెన్ని ఎక్కాయో మనకెందుకు మేస్త్రీ. మూడింటికి కొనే పార్టీ వస్తోంది. అప్పటికి ఇది పెళ్లికూతురిలా ఉండాలి."

మేస్త్రి వంగి మీటరు చూశాడు. ఇరవై వేల కిలోమీటర్లట. నవ్వొచ్చింది. లక్షన్నరకు తక్కువ తిరగలేదని ఆ సీటును చీకట్లో తడిమినా తెలుస్తుంది.

మీటరు వెనక్కి తిప్పడం బ్రోకరుకు ఎడమచేతి పని. చిక్కంతా పార్టీతోనే వచ్చింది. ఫోన్లో మీటరు సంగతి చెబితే కిసుక్కున నవ్వారట. ముందు డ్రైవరు సీటు చూస్తాం, తర్వాతే మాటలన్నారట.

"ఎవరో తెలిసినవాళ్లే," అని మేస్త్రి మెచ్చుకున్నాడు. "మీటరు అబద్ధమాడుతుందయ్యా. సీటు అబద్ధమాడదు."

ఇది అతని సొంత సూక్తి. షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ, బస్సులో పక్కన కూర్చున్నవాడికీ, ఇంట్లో కంచం ముందు కూర్చుని కూడా ఇరవై ఏళ్లుగా వినిపిస్తూనే ఉన్నాడు. అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"మరి ఇవాళ దానిచేత కూడా ఆడించు," అన్నాడు బ్రోకరు.

పాపం పుణ్యం లెక్క వేసుకోవడానికి మేస్త్రికి టైము లేదు. కొనేవాడు ఎవడో, ఏ గంగలో దూకితే తనకేంటి అనుకున్నాడు. పైన పటారం లోన లొటారం బండ్లు కొనేవాళ్లు ఉండబట్టేగా తన పొయ్యి వెలుగుతోంది. సబ్బు నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తోలు మీది మురికి తుడిచాడు. ఆరనిచ్చాడు. ముడతల మీద తడిగుడ్డ పరిచి, జానెడు ఎత్తునుంచి వేడిగాలి మిషను పట్టాడు. ఇంకాస్త దగ్గరికి పోతే తోలు ముడుచుకుపోయి అప్పడమవుతుంది. వెచ్చబడగానే గుడ్డ తీసేసి, అరచేత్తో నడిమినుంచి అంచులకు నొక్కి సాగదీశాడు. మొండి ముడతలు రెండుంటే వాటిని బుజ్జగించడానికే గంట పట్టింది.

మధ్యలో భార్య ఫోన్ చేసింది. తమ్ముడితో బయటికి వెళ్తున్నాననీ, సాయంత్రానికి వస్తాననీ చెప్పింది. ఎక్కడికని అడిగే తీరిక లేదు. బ్రోకరు నెత్తిమీద కూర్చున్నాడు. సరే సరే అని పెట్టేసి, కండిషనరు డబ్బా మూత తీశాడు. వెన్నలా ఉండే ఆ నూనె పూతను వేళ్లకు తీసుకుని గుండ్రంగా రుద్దుతూ, కుట్ల వెంట, సీటుకూ వీపుకూ మధ్య సందులోకి కూడా దూర్చి పట్టించాడు. పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచాడు. సీటు కొత్తగా కొన్న చెప్పుల జతలా మెరిసింది.

"నువ్వు మనుషుల మొహాలకు కూడా ఈ పని మొదలుపెట్టు," అని బ్రోకరు రెండు చేతులూ జోడించి, బండి తీసుకుని పరుగుతీశాడు.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ మేస్త్రి వేళ్లు చూసుకున్నాడు. వేలికి ఉంగరం లేదు.

తోలు గీరుకుపోతుందని రోజూ పని మొదలెట్టే ముందు ఉంగరం తీసి గోడ మేకుకు తగిలిస్తాడు. మేకు బోసిగా ఉంది. ఇవాళ తగిలించాడో లేదో ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. బకెట్లో చెయ్యి పెట్టి కెలికాడు, గుడ్డలన్నీ దులిపాడు, కాలవలో పుల్ల పెట్టి గెలికాడు. అది మూడో ఉంగరం. మొదటిది ఈతకెళ్లి పోగొట్టాడు, రెండోది ఎలా పోయిందో దేవుడికే తెలియాలి. మూడోది భార్య తన చేతి గాజు కరిగించి చేయించింది. ఇది కూడా పోతే నాలుగోది ఉండదు, మీ వేలికి పచ్చబొట్టు పొడిపిస్తానంది. పచ్చబొట్టు ఫరవాలేదు. బోసిపోయిన ఆమె చెయ్యి తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. కుడి చెయ్యి జేబులో దాచి, భోజనం డబ్బా ఎడమ చేత్తో అందించాడు.

"ఉంగరమేదండీ?" అంది ఆమె నెమ్మదిగా.

మెరుగు పెట్టమని కంసాలికి ఇచ్చానన్నాడు. కంసాలికి జ్వరమనీ, నాలుగు రోజులు పడుతుందనీ అడక్కుండానే కలిపాడు. ఆమె అంతా విని తలూపింది. అంత తేలిగ్గా నమ్మేసరికి అతనికి ఇంకా భయమేసింది.

"సరే, అది తర్వాత. తమ్ముడూ నేనూ ఇవాళ కారు కొన్నాం. మీకు చెప్పకుండా తెచ్చి నిలబెడదామనుకున్నా. వెనక వీధిలో ఉంది."

"నన్నడక్కుండానా? మోసపోతే?"

"ఎందుకు మోసపోతాను? మీ మాటే పట్టుకున్నా. మీటరు వంక చూడనే లేదు. తిన్నగా వెళ్లి డ్రైవరు సీటు నిమిరి చూశా. ఒక్క ముడత ఉంటే ఒట్టు."

మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇన్నేళ్లకు తన సూక్తిని ఒకరు విన్నారు, అదీ సొంత పెళ్లాం. ఉంగరం బెంగ కూడా ఆ క్షణానికి మర్చిపోయాడు.

"చెయ్యి చాపండి," అంది ఆమె.

తాళం ఇస్తుందనుకుని కుడి చెయ్యి చాచాడు.

సీటు సందులో దొరికిన ఉంగరాన్ని ఆమె అతని వేలికి తొడిగింది.