ఆకుపచ్చ తువ్వాలు

మొగుణ్ణి మార్చుకునే సదుపాయం ఏ కొట్లోనైనా ఉంటే, హేమశ్రీ బిల్లు పట్టుకుని పొద్దున్నే వెళ్లి నిలబడేది.

రావులపాలెం అరటి మార్కెట్లో ఇన్నేళ్లుగా వ్యాపారం చేస్తూ ఏనాడూ ఒక్క గెల భుజానికెత్తని ప్రసన్నకుమార్, బావమరిది గణేష్‌బాబుకి జిమ్‌కెళ్లి పొట్ట తగ్గిందని పౌరుషానికి పోయి తనూ అదే జిమ్‌లో చేరాడు.

వారం తిరక్కుండానే, కుడిచెయ్యిని ఛాతీకి ఆనించి ఆకుపచ్చ తువ్వాలుతో కట్టుకుని ఆటోలో దిగాడు.

"ఏంటండీ ఈ అవతారం?"

"ఎవడో కొత్తవాడు. నేను బరువెత్తుతుంటే వెనకనుంచి వచ్చి రాడ్డు లాగేశాడు. భుజం కలుక్కుమంది. మళ్లీ వాడి తువ్వాలుతో వాడే కట్టాడు."

"మా తమ్ముడేం చేస్తున్నాడు?"

"ఇంకా రాలేదు. అప్పటికి మేమిద్దరమే ఉన్నాం."

మొగుణ్ణి తిట్టే హక్కు హేమశ్రీది. దాన్ని ఇంకొకరికి రాసివ్వలేదు. చెయ్యి విరిచే హక్కు అసలే ఇవ్వలేదు.

తువ్వాలు విప్పించి, పొయ్యిగట్టు తుడవడానికి పెట్టుకుంది. జిడ్డు తుడిచినప్పుడల్లా ఆ ఎరగని మనిషి ముఖం తుడిచినంత తృప్తిగా ఉండేది.

రెండ్రోజులకి ఆ మనిషే గేటు తీసుకుని వచ్చాడు.

"టు-లెట్ బోర్డు చూసి వచ్చానండి. నా పేరు త్రిమూర్తులు. రోడ్డువైపు గది కావాలండి."

కిటికీలోంచి చూసిన ప్రసన్నకుమార్ ముఖం పాలిపోయింది.

"అతనే" అని గొణిగి, వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

పాపం, ఎంత జడిపించాడో అనుకుంది హేమశ్రీ. చీరకొంగు దోపుకుంది.

"రండి రండి. కూర్చోండి. కాఫీ తాగి మాట్లాడుకుందాం."

ఆ ఇంట్లో పగ కూడా కాఫీతోనే మొదలవుతుంది.

"నేనేం చేస్తుంటానంటేనమ్మా..."

"అవన్నీ తర్వాతండి. ముందు నీళ్ల ట్యాంకు చూద్దురుగాని."

మిట్టమధ్యాహ్నం. డాబా పెనంలా కాలిపోతోంది.

"వడియాలు పెట్టానండి. చెప్పులు కిందే వదిలేయండి."

ట్యాంకు చూపించింది. ట్యాంకు మూత చూపించింది. ఆ మూలనుంచి ఈ మూలకి నడిపించి, పక్కింటి వాళ్ల ట్యాంకు కూడా చూపించింది. తను మాత్రం మెట్ల దగ్గర నీడలో నిలబడింది.

అతను ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ అంతా చూశాడు.

"బాగుందండి. అడ్వాన్స్ ఎంతివ్వమంటారు?"

"అయ్యో! మొన్ననే ఇచ్చేశామండి గది."

"మరి బోర్డు?"

"అందంగా ఉందని ఉంచాం."

అతను నవ్వాడు. చెప్పులేసుకుని గేటుదాకా వెళ్లి ఆగాడు.

"హాల్లో ఫొటో చూశానమ్మా. జిమ్‌లో దెబ్బ తగిలింది మీ వారికేననుకుంటాను. మాలిష్ మాత్రం చేయించకండి. రాజమండ్రిలో భుజాల డాక్టరు గారికి చూపించి, స్కాన్ తీయించండి. ఆలస్యం చెయ్యొద్దు."

విరిచింది చాలక వైద్యం కూడానా!

ఆ సాయంత్రమే మాలిష్ చేసే వెంకన్నకి కబురు పంపింది.

"వద్దేమోనే..." అన్నాడు ప్రసన్నకుమార్.

"అతను వద్దన్నాడంటే అదే చేయించాలి. మీరు మాట్లాడకండి, మీ పగ నేను తీరుస్తాను."

వెంకన్న ఆముదం కాచి పట్టించాడు. మోకాలు ఆనించి మరీ పిసికాడు. వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు ప్రసన్నకుమార్. ఒకరోజుతో ఆగలేదు.

చివరికి అన్నంముద్ద నోటిదాకా రావడం మానేసింది. హేమశ్రీయే కలిపి పెట్టాల్సి వచ్చింది. పగలో ఈ భాగం ఆమె అనుకోనిది.

అప్పుడు బయలుదేరారు రాజమండ్రి.

డాక్టరు గారు స్కాన్ వెలుగుకి పెట్టి చూసి, కళ్లజోడు తీశారు.

"మొదట కండరంలో చిన్న చిరుగే అయ్యుంటుందండి. దీన్నిలా పెద్దది చేసిందెవరు?"

హేమశ్రీ బ్యాగు జిప్పు తీసి, మళ్లీ పెట్టింది.

"ఆపరేషన్ తప్పదా అండి?"

"తప్పించాలనే చూద్దాం. దానికి చెయ్యి తిరిగిన ఫిజియోథెరపిస్టు కావాలి. రెండేళ్ల క్రితం నా భుజం పట్టేస్తే బాగుచేసినాయన ఒకరున్నారు. ఇవాళ ఈ చేత్తో ఆపరేషన్లు చేస్తున్నానంటే ఆ త్రిమూర్తులు గారి చలవేనమ్మా."

హేమశ్రీ చెయ్యి జిప్పు మీదే ఆగిపోయింది.

"మీ ఊళ్లోనే క్లినిక్ పెడదామని తిరిగారు పాపం. ఎవరో ఇంటావిడ ఎండలో చెప్పుల్లేకుండా డాబా అంతా తిప్పి, గది లేదన్నారట. కాఫీ మాత్రం బాగుందని చెప్పారు. మొన్న భీమవరంలో పెట్టేశారు. మీరు రోజు విడిచి రోజు అక్కడికి వెళ్లాల్సిందే. ఆలస్యమైంది కాబట్టి చెయ్యి పూర్తిగా లేస్తుందని మాటివ్వలేను."

హేమశ్రీ మొగుడివైపు తిరిగింది.

"రాడ్డు లాగేసింది ఆయనే అన్నారు కదండీ? చెప్పండి డాక్టరు గారికి."

ప్రసన్నకుమార్ తల దించుకున్నాడు.

"తప్పు నాదే, హేమా. ఆయన లాగలేదు. గణేష్‌బాబు వచ్చేలోగా ఎత్తి చూపిద్దామని ఎత్తలేని బరువు పెట్టుకున్నాను. రాడ్డు జారి నా పీక మీదకొస్తుంటే పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారాయన. లేకపోతే ఆ తువ్వాలు నా చేతికి కట్టేవారు కాదు, ముఖం మీద కప్పేవారు."