కొండకు ఇవతలి వాన

కారొకటి వచ్చి చేని గట్టున ఆగింది.

ఆదెప్పకు ఒళ్ళు మండింది. మళ్ళీ సోలారు కంపెనీవాళ్ళే! పంట రాని బీడని పేరుపెట్టి పక్క ఊరి పొలాలన్నీ కారుచౌకగా కౌలుకు రాయించుకున్నారు. అందుకే కారులో ఎవరొచ్చినా తమ నేల బంగారమనే చెప్పాలని ఊరంతా ఒక మాట అనుకుంది.

అసలు సంగతి ఆదెప్ప కడుపుకే తెలుసు. వాన కొండ అవతలి కుందుర్పిలో కురుస్తుంది, కొండ దాటి ఇటు రాదు. వానను కొలిచే మిషనూ అక్కడే ఉంది. ఇక్కడ వేరుశనగ నిలువునా ఎండినా, మిషను లెక్కలో వాన పడిందిగా అని బీమా ఇవ్వరు. మా ఊరి వానను మా ఊళ్ళోనే కొలవండయ్యా అని తిరిగి తిరిగి విసిగిపోయాడు.

కారు దిగిన పెద్దాయన కూడా అలసిపోయినట్టే ఉన్నాడు. చెప్పులు విడిచి దుక్కిలోకి దిగాడు.

"ఎవురప్పా? ఏం గావల్ల?"

"ఊరికే, చూసి పోదామని. ఇక్కడ వానలెట్లా ఉంటాయి?"

వచ్చినాడురా దారికి, అనుకున్నాడు ఆదెప్ప.

"వానలకేం తక్కువ సార్!"

"కుందుర్పిలో కురిస్తే ఇక్కడా కురుస్తుందా?"

"ఆడ ఒక పదును వాన పడితే ఈడ రెండు పదున్లు పడతాది."

పెద్దాయన అతని మొహంలోకి చూశాడు.

"నిరుడు పంటంతా ఎండిందని విన్నానే?"

"గిట్టనోళ్ళు చెప్పింటారు. కాయలతో ఇల్లు నిండిపోయింది సార్."



"నిజమేనా?"

"అమ్మతోడు."

"అయితే నేనే పొరబడ్డాను," అన్నాడాయన నీరసంగా. కారెక్కి వెళ్ళిపోయాడు.

"ఒక్క మాటతో తరిమేసినా!" అని పెళ్ళాం ఆంజినమ్మకు చెప్పుకుని, ఆ పూట ఆదెప్ప ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

మర్నాడు బీమా ఏజెంటు దివాకర్ రొప్పుతూ చేనికి వచ్చాడు.

"ఏమన్నా, మీ ఊరికి వేరే మిషను అక్కర్లేదంటివంట?"

"నేనెప్పుడంటినప్పా? ఎవురితో?"

"నిన్న మీ చేన్లోకి వచ్చిన పెద్దసారుతో. యా ఊరికి బీమా ఎట్లియ్యల్లో తేల్చేది ఆయనే. బీమావోళ్ళమంటే అందరూ ఏడుపే చూపిస్తారని, పేరు చెప్పకుండా వస్తాడు."

ఆదెప్ప గట్టు మీద కూలబడ్డాడు.

"మళ్ళొకసారి పిలువు దివాకరూ. కాళ్ళు పట్టుకుంటా."

"యాడినుంచి పిలిచేదన్నా? నిన్నటితో ఆయన రిటైరైపోయినాడు."

"ఇంకో సారు రాడా?"

దివాకర్ అతని పక్కనే కూర్చున్నాడు.

"మీ ఊరికి అన్యాయం జరగతాండాదని మా ఆఫీసులో పైవోళ్ళందరితో ఇన్నేండ్లూ కొట్లాడినోడు ఆయనొక్కడే అన్నా."