కొత్త కంప్యూటర్ వద్దన్న లింగయ్య

“బాపూ, దీనికి పైసలు పెట్టుడు దండుగ. కొత్తది కొనుండ్రి” అన్నాడు వెంకటి, పాత కంప్యూటర్ డబ్బా మూత విప్పి లోపలి దుమ్ము ఊదుతూ.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో వెంకటిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. ఎదురుగా లింగయ్య, ఆయన భార్య భూదేవి కూర్చున్నారు. వాళ్లది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. ఆమెను గుండె డాక్టరుకు చూపించుకొని, పొద్దున బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన డబ్బాను ఇక్కడ దించారు. కొడుకు హరీష్ దుబాయి పోయేముందు, మూతపడిన నెట్ సెంటర్లో చవకగా కొని పెట్టిన కంప్యూటర్ అది. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు వీడియో ఫోన్ వస్తేనే భూదేవికి ముద్ద దిగుతుంది. పోయిన వారం మాటల మధ్యలో కంప్యూటర్ ఆగిపోయింది. మరునాటిదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు.

“నడుమల ఆగకుంట చెయ్యి. గంతే చాలు” అన్నాడు లింగయ్య.

“ర్యామ్ ఏస్తే ఆగది. కని వీడియోల బొమ్మ ఎప్పటిలెక్కనే ముక్కలు ముక్కలు, గొంతు గరగర అస్తది. బోర్డు పాతది గద. అన్ని మార్చుకుంట పోతే కొత్తదే నయం.”

“బొమ్మతోని నాకేం పని?”

“నాకున్నది పని” అన్నది భూదేవి. “పోరని మొకం సక్కగ చూడక ఎన్నొద్దులాయె. బక్కగైండో, బొద్దుగైండో తెల్వదు. సెలవియ్యరంటడు, రాడు. గీ తెర మీదనన్న మంచిగ చూసుకోనియ్యి.”

వెంకటికి జాలేసింది. అమ్మకానికి పెట్టిన కొత్త కంప్యూటర్ ఆన్ చేసి, కెమెరా ఆమె వైపు తిప్పాడు. తెర నిండా భూదేవి ముఖం. చెంప మీది పులిపిరి కూడా కనిపించింది. ఆమె తెరను వేలితో తాకి చూసుకుంది.

“నా హరీషు గూడ గిట్లనే కనవడుతడా, కొడుకా?”

“అటు దిక్కు మంచి కెమెరా ఉంటే మీసాలు గూడ లెక్కవెట్టచ్చు, అవ్వా.”

లింగయ్య దిగ్గున లేచి తీగ పీకేశాడు.

“గీ సోకులు మనకద్దు. ఉన్నదే నడిపించుకోవాలె.”

“మక్కలమ్మిన పైసలున్నయి గద. ఏం జేస్తవు, మీద కట్టుకపోతవా?”

“పాతరేసుకుంట. నీకెందుకు?”

భూదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పిల్లికి బిచ్చం పెట్టని వాళ్లను వెంకటి చాలామందినే చూశాడు. కన్నతల్లికి కొడుకు ముఖాన్ని కూడా పొదుపు చేసే మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. ఒళ్లు మండింది. ర్యామ్ బిగించి, డబ్బా మూసి, ఉండబట్టలేక అనేశాడు.

“బాపూ, అవ్వ గుండె మంచిగ లేదంటివి. రేపేమన్నయితే గీ పైసలు ఏం జేసుకుంటవు?”

లింగయ్య ర్యామ్ పైసలు లెక్కపెట్టి ఇచ్చాడు. డబ్బా భుజానికెత్తుకొని బయటికి నడిచాడు.

బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కి కూర్చున్నాక భూదేవి మొగని ముఖం చూడలేదు.

“నీకు కొడుకు మీద పానమే లేదు” అన్నది కిటికీలోంచి బయటికి చూస్తూ. “నీది మనిషి పుట్టుక గాదు.”

ఆ మాటకు లింగయ్య ప్రాణం విలవిలలాడింది. చాయ్ తాగొస్తానని చెప్పి దిగి, బస్సు వెనక్కి పోయి దుబాయికి ఫోన్ చేశాడు. హరీష్ ఉన్న గదిలోనే ఉండే మాచారెడ్డి దిక్కు తండా పిల్లవాడు దేవీసింగ్ ఎత్తాడు.

“కంపూటర్ బాగయింది, బిడ్డా. శుక్రారం ఎప్పటిలెక్కనే” అన్నాడు లింగయ్య. ఫోన్ పెట్టేసి బస్సెక్కాడు.

హరీష్ చనిపోయిన ఏడాదిగా ఆ తల్లితో కొడుకై మాట్లాడుతున్నది దేవీసింగే.