ఉపవాసం మీట

మనుషుల జబ్బలకి షుగరు కొలిచే బిళ్ళలు అంటించాక వంటిళ్ళన్నీ వాటి మాటే వింటున్నాయి. అంకె పెరిగితే తిండి బీరువా తెరుచుకోదు. పానకాలరావు దానికో ఉపాయం కనిపెట్టాడు. కార్తీక సోమవారం పొద్దున్నే తన బిళ్ళ ఊడదీసి భార్య జబ్బకి అంటించాడు.

"నీకెటూ ఉపవాసమేగా తులశీ. నాది కూడా ఉంచుకో."

ఉపవాసాలుండేవాళ్ళ కోసం బిళ్ళకో మీట ఉంది. నొక్కితే ఆ రోజంతా అది నోరెత్తదు. తులశమ్మ తన బిళ్ళకి తెల్లారకముందే నొక్కేసింది. మధ్యాహ్నానికి ఆమెకి కళ్ళు బైర్లు కమ్మాయి. వంటిల్లు కంగారుగా పలికింది.

"పానకాలరావు గారికి షుగరు పడిపోతోంది. వెంటనే తీపి పెట్టండి."

బీరువా తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఆమె గోడ పట్టుకుని లేచి, పరమాన్నం వండి ఆయనకి వడ్డించింది.

"ఒళ్ళు తూలిపోతోందండీ."

"చుక్క కనబడ్డాక తిందువుగాని. కాస్త నెయ్యి వెయ్యి."

చుక్క కనబడ్డాక ఆమె కంచం ముందు కూర్చుంది. నాలుగు ముద్దలు కడుపులో పడి కాస్త తేరుకునేసరికి బీరువా మూసుకుంది. బీరువాలో పెట్టిన మిగతా పరమాన్నం కోసం లేచిన పానకాలరావు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"అప్పుడే తినేశావా," అని విసుక్కున్నాడు. అంతలోనే మెత్తగా అడిగాడు. "రేపు మంగళవారం కదా. ఆంజనేయస్వామికి ఉండరాదూ?"