పచ్చ టిక్కు

“అందిందని పచ్చ టిక్కు కూడా పడిందమ్మా!” అంటూ బాబాయి ఫోను ఆమె ముందు పెట్టాడు.

ఆస్పత్రి వెబ్‌సైటులో ఆ ఫారం తయారుచేసింది ఆమే. పిన్ని కంటి ఆపరేషన్ కోసం బాబాయి దాన్ని నింపి ఇరవై రోజులైంది. ఉచిత ఆపరేషన్ల జాబితా నిన్ననే మూసేశారు, అందులో పిన్ని పేరు లేదు. మళ్ళీ వచ్చే ఏడాదే. అందాకా పిన్నికి చూపు ఆగదని డాక్టరు ముందే చెప్పాడు.

ఆమె సర్వరు రికార్డులు తెరిచింది. ఫోను నంబరు మధ్య బాబాయి ఖాళీ వదిలాడు. అందుకే సర్వరు ఆ క్షణమే ఫారాన్ని తిరస్కరించింది.

“నేనే తప్పు నింపానా?” బాబాయి మొహం చిన్నబోయింది.

“కాదు బాబాయ్. సర్వరు జవాబిచ్చాక పడాల్సిన టిక్కు, బటన్ నొక్కగానే పడేలా జావాస్క్రిప్టు కోడు రాశాను. ఆలస్యమైతే జనం పదేపదే నొక్కుతున్నారని మేనేజరు ప్రాణం తీశాడు.”

“అంటే ఎవరు నొక్కినా అందిందనే అంటుందా?”

“అవును బాబాయ్.”

“ఓసారి వెళ్ళి కనుక్కోమని మీ పిన్ని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మన అమ్మాయి చేసినదాన్ని అనుమానిస్తావా అని నేనే కసిరాను.”

బాబాయి ఫోను జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“పంపడం నేనే మర్చిపోయానని మీ పిన్నితో చెప్తాలే. నువ్వు మాత్రం దాని ముందు నోరు విప్పకు.”